ఆ పాత సీడీ ఎక్కడ పెట్టారు?

కొత్త కంప్యూటరు రాగానే పాత ఆపరేటింగ్‌ సిస్టమ్‌ సీడీలూ, ఫ్లాపీలూ చెత్తబుట్టలోకి పోతాయి. వాటిని ఏరుకొచ్చి, నకళ్లు తీసి, వేలిముద్రలతో సహా దాచిపెడుతున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కాలక్షేపానికే అనుకుంటే పొరపాటు!

2003, 2004 ప్రాంతంలో ఇంట్లో కంప్యూటర్లో తెలుగు చూడాలని తంటాలు పడ్డవాళ్లకి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. విండోస్‌ ఎక్స్‌పీ కొత్తగా వచ్చిన రోజులు. గౌతమి అనే తెలుగు ఫాంటును మైక్రోసాఫ్ట్‌ దాంతోపాటే ఇచ్చింది. అయినా తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు. లేదంటే అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట. తెలిసినవాళ్లని అడిగితే చిట్కా చెప్పేవారు. కంట్రోల్‌ ప్యానెల్లోకి వెళ్లు, రీజినల్‌ అండ్‌ లాంగ్వేజ్‌ ఆప్షన్స్‌ తెరువు, కాంప్లెక్స్‌ స్క్రిప్ట్‌ అన్నచోట టిక్కు పెట్టు, ఓకే నొక్కు అని. అన్నీ బుద్ధిగా చేశాక కంప్యూటరు తాపీగా ఒక కోరిక కోరేది... విండోస్‌ ఎక్స్‌పీ సీడీ పెట్టమని!

సీడీ ఏదీ? అసెంబుల్డ్‌ కంప్యూటరు కొన్న చాలా ఇళ్లలో అది ఉండేదే కాదు. కంప్యూటరు బిగించడానికి వచ్చిన కుర్రాడి సంచీలో ఉండేది. అతనికి ఫోన్‌ చేయాలి, అతను ఖాళీ చేసుకుని వచ్చేదాకా ఎదురుచూడాలి. వచ్చి సీడీ పెట్టి, అందులోని ఐ386 అనే ఫోల్డరును చూపిస్తే, గుణింతాలనూ ఒత్తులనూ కుదురుగా అమర్చే ఫైళ్లు అక్కణ్నుంచి దిగేవి. అప్పుడుగానీ తెలుగు తెలుగులా కనిపించేది కాదు. తొలినాటి తెలుగు బ్లాగర్లలో చాలామంది దాటొచ్చిన గడప ఇది.

ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఆ సీడీలనే ఇప్పుడు పనిగట్టుకుని వెతుకుతున్నవాళ్లున్నారు. ఒక్క ఎక్స్‌పీయే కాదు. డాస్‌, విండోస్‌ 3.1, విండోస్‌ 95, పాత మెకింతోష్‌లు, యూనిక్స్‌, లినక్స్‌ తొలి విడుదలలు... ఏవి దొరికితే అవి. స్టాంపులూ నాణేలూ పోగేసినట్టే పోగేస్తున్నారు. చూసేవాళ్లకి అదో పిచ్చి. పనికిరాని సరుకు ఇల్లంతా నింపుతున్నాడని ఇంట్లోవాళ్లు విసుక్కునే రకం పిచ్చి. కాకపోతే స్టాంపుల ఆల్బమ్‌ పోతే పోయేది స్టాంపులే. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ పోతే మాత్రం దానిమీద తయారైనవన్నీ - కథల రాతప్రతులు, ఆఫీసు లెక్కలు, పుస్తకాల పేజీలు, బొమ్మలు - తాళంచెవి పోయిన బీరువాలో బందీలైపోతాయి. బీరువా ఇంట్లోనే ఉంటుంది. తెరవడమే కుదరదు.

జిరాక్స్‌ తీసినట్టు...

వీళ్లు దాచేది సీడీలను మాత్రమే కాదు, వాటి ఇమేజ్‌లను. ఇమేజ్‌ అంటే ఫొటో అనుకునేరు! సీడీ మీదున్న సమాచారాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా వరస తప్పకుండా చదివి, ఒకే ఒక్క ఫైలుగా మార్చితే అది ఇమేజ్‌.

ఫైళ్లను మౌసుతో లాగి హార్డ్‌డిస్కులో వేసుకుంటే సరిపోదా అంటే, పోదు. పుస్తకంలోంచి కథలు ఎత్తి రాసుకుంటే కథలు వస్తాయి. అట్ట, ముఖపత్రం, పేజీల వరస రావు. పుస్తకం మొత్తాన్ని అట్టతో సహా జిరాక్స్‌ తీస్తే అన్నీ వస్తాయి. ఆన్‌ చేయగానే కంప్యూటరు మొట్టమొదట చదివే బూట్‌ సమాచారం సీడీలో ఫైళ్ల జాబితాకి బయట ఉంటుంది, మామూలుగా చూస్తే కంటికి కనిపించదు. అది లేని నకలుతో ఖాళీ కంప్యూటరు మొదలే కాదు.

సీడీ ఇమేజ్‌ ఫైలు పేరు చివర ఐఎస్‌ఓ అని ఉంటుంది కదా, దాని వెనక ఓ చిన్న కథ ఉంది. ఒక కంపెనీ సీడీ ఇంకో కంపెనీ కంప్యూటర్లో నడవని రోజుల్లో, 1985లో, అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో హై సియెరా అనే హోటల్లో కొన్ని కంపెనీలవాళ్లు సమావేశమయ్యారు. సీడీలో ఫైళ్లను అందరూ ఒకే పద్ధతిలో అమర్చాలని అనుకున్నారు. ఆ పద్ధతికి హోటల్‌ పేరే పెట్టారు. దాన్ని కాస్త సవరించి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1988లో 9660 నంబరుతో ఖాయం చేసింది. ఫైలు తోక అలా వచ్చింది. సీడీతోనే కంప్యూటరు మొదలయ్యే పద్ధతి 1995లో వచ్చింది. దాని పేరు ఎల్‌ టొరిటో. అదీ కాలిఫోర్నియాలో ఒక రెస్టారెంటు పేరే! ఈ ఇంజినీర్లకి మంచి ఆలోచనలన్నీ భోజనాల దగ్గరే వస్తాయేమో.

సీడీలకు ముందు ఫ్లాపీలు. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్‌ 95ను సీడీలోనూ ఇచ్చారు, సీడీ డ్రైవు లేనివాళ్ల కోసం 13 ఫ్లాపీల్లోనూ ఇచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోవాలి. పదకొండోది మొరాయిస్తే అంతవరకూ పడ్డ శ్రమంతా గోవిందా. పైగా ఈ 13లో మొదటిది తప్ప మిగతావి మామూలు ఫ్లాపీల్లాంటివి కావు. 1.44 ఎంబీ పట్టేచోట సెక్టార్ల మధ్య ఖాళీలు తగ్గించి 1.68 ఎంబీ కుక్కారు. డాస్‌లో అందరికీ తెలిసిన డిస్క్‌కాపీ ఆదేశంతో వాటికి నకళ్లు తీయలేం. ఫ్లాపీల ఖర్చు తగ్గింది, నకళ్లు తీసేవాళ్లకి పనీ పెరిగింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. దాని ఫలితంగానే ఈ రోజు ఆ ఫ్లాపీల ఇమేజ్‌లు తీయాలంటే ప్రత్యేకమైన పరికరాలో, ప్రోగ్రాములో కావాల్సివస్తోంది. గ్రీజ్‌వీజల్‌, క్రయోఫ్లక్స్‌ అనే చిన్న సర్క్యూట్‌ బోర్డులున్నాయి. ఇవి ఫ్లాపీలోని ఫైళ్ల జోలికే పోవు. డిస్కు మీద అయస్కాంతపు గుర్తులు ఎక్కడెక్కడ మారుతున్నాయో అదంతా యథాతథంగా ఎత్తుకొస్తాయి. అర్థం తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు.

అన్నట్టు, ఇప్పటి విండోస్‌ 11 ఇమేజ్‌ 5 జీబీ దాటింది. దాన్ని 1.44 ఎంబీ ఫ్లాపీల్లో ఇవ్వాలంటే మూడువేలకు పైగా కావాలి. లారీలో తెచ్చుకోవాల్సిందే.

స్టోర్‌రూములో యూనిక్స్‌

సరే, ఇళ్లలో సీడీలు పోయాయంటే అర్థముంది. యూనిక్స్‌ లాంటిది పోతుందా? పోయింది!

1969లో అమెరికాలోని బెల్‌ లేబరేటరీస్‌లో కెన్‌ థాంప్సన్‌, డెన్నిస్‌ రిచీ తదితరులు మొదలుపెట్టిన ఆపరేటింగ్‌ సిస్టమ్‌ యూనిక్స్‌. ఈనాటి మ్యాక్‌లూ, ఐఫోన్లూ ఆ వంశంలోవే. లినక్స్‌ను దాన్ని చూసే రాశారు, ఆ లినక్స్‌ మీదే మీ జేబులోని ఆండ్రాయిడ్‌ ఫోను నడుస్తోంది. ఈ వంశవృక్షంలో 1973 నాటి నాలుగో ఎడిషన్‌ది పెద్ద మలుపు. అంతవరకూ ఒక యంత్రానికే అర్థమయ్యే అసెంబ్లీ భాషలో ఉన్న గుండెకాయ భాగాన్ని ఈ ఎడిషన్‌లో సీ భాషలోకి తిరగరాశారు. యూనిక్స్‌ తర్వాత రకరకాల యంత్రాల మీదికి ఎక్కగలిగిందంటే అదే కారణం. ఇంత ముఖ్యమైన ఎడిషన్‌కి మిగిలినవేమిటంటే వాడకం చెప్పే మాన్యువల్‌, కొన్ని ముక్కలు. పూర్తి సిస్టమ్‌ ఎవరి దగ్గరా లేదనే దశాబ్దాలపాటు అనుకున్నారు.

2025లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌ విభాగంవాళ్లు ఒక స్టోర్‌రూము సర్దుతుంటే ఓ టేపుచుట్ట బయటపడింది. దానిమీద చేత్తో రాసిన చీటీ... బెల్‌ ల్యాబ్స్‌ నుంచి వచ్చిన అసలు యూనిక్స్‌, వీ4 అని! యాభై ఏళ్ల కిందటి టేపు. పోస్టులో పంపే సాహసం చేయకుండా, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కాలిఫోర్నియాలోని మౌంటెన్‌వ్యూలో ఉన్న కంప్యూటర్‌ హిస్టరీ మ్యూజియానికి స్వయంగా పట్టుకెళ్లారు. అక్కడి నిపుణులు మామూలు టేపు డ్రైవులో పెట్టి ఫైళ్లు కాపీ చేయలేదు. టేపు మీదున్న అయస్కాంత సంకేతాన్ని తరంగాల రూపంలోనే రికార్డు చేసుకుని, ఆ తరంగాల్లోంచి సున్నాలనూ ఒకట్లనూ కంప్యూటరుతో వెలికితీశారు. డిసెంబరులో పని పూర్తయింది. యూనిక్స్‌ నాలుగో ఎడిషన్‌ మళ్లీ లేచి నిలబడింది. ఆనాటి పీడీపీ-11 కంప్యూటరును అనుకరించే సిమ్‌హెచ్‌ అనే ప్రోగ్రాముంటే మీ ల్యాప్‌టాప్‌లోనూ దాన్ని నడుపుకోవచ్చు.

మొదటి ఎడిషన్‌ కథ ఇంకా విచిత్రం. టేపు కూడా మిగల్లేదు. 1972 నాటి ప్రోగ్రామును అచ్చేసిన కాగితాల కట్ట ఒకటి దొరికింది. యూనిక్స్‌ హెరిటేజ్‌ సొసైటీని నడిపే వారెన్‌ టూమీ బృందం ఆ కాగితాల స్కాన్‌లను చదివి, వరసవరసా సరిచూసి, 2008లో దాన్ని నడిచే స్థితికి తెచ్చింది. తాటాకు ప్రతుల్లోంచి కావ్యాలను పరిష్కరించిన మన పండితుల పనికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు.

మైక్రోసాఫ్ట్‌ సామ్రాజ్యానికి పునాదిరాయి సంగతీ ఇంతే. సియాటిల్‌ కంప్యూటర్‌ ప్రొడక్ట్స్‌ అనే చిన్న కంపెనీలో టిమ్‌ ప్యాటర్సన్‌ 1980లో రాసిన 86-డాస్‌ను మైక్రోసాఫ్ట్‌ 1981లో కొనేసింది. అదే ఎంఎస్‌-డాస్‌ అయింది. ఆ 86-డాస్‌ తొలి రూపమైన 0.1 ఉన్న ఫ్లాపీ ఇమేజ్‌ 2024 మొదట్లోగానీ లోకానికి తెలియలేదు. దాన్ని ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌లో పెట్టింది మైక్రోసాఫ్ట్‌ కాదు, పాత ఫ్లాపీల మీద ప్రేమ ఉన్న ఒక సేకర్త.

అసలుదా, కల్తీదా?

ఇలా దొరికిన ఇమేజ్‌ అసలుదేనని నమ్మకం ఏమిటి? ఎవరో మధ్యలో వేలుపెట్టి ఉండొచ్చు. చదివేటప్పుడు సీడీ మీది గీత వల్ల ఒక ముక్క తారుమారై ఉండొచ్చు. ఇక్కడే సేకర్తల అసలు పని మొదలవుతుంది.

ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర తీయవచ్చు. దీన్ని హ్యాష్‌ అంటారు. ఫైలు మొత్తాన్ని ఒక లెక్క ప్రకారం నలిపి, చివరికి ఒక చిన్న సంకేతంగా మారుస్తారు. షా-256 అనే పద్ధతిలో ఇది 64 అక్షరాలుంటుంది. ఆరువందల ఎంబీల ఇమేజ్‌లో ఒక్క చుక్క మారినా సంకేతం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. హైదరాబాద్‌లో ఒకరి దగ్గరా, బెర్లిన్‌లో ఒకరి దగ్గరా ఉన్న రెండు నకళ్లు ఒకటేనా కాదా తెలియాలంటే ఫైళ్లు పంపుకోనక్కర్లేదు, ఈ 64 అక్షరాలు సరిపోల్చుకుంటే చాలు. పాత పద్ధతుల్లో ఎండీ5ని 2004లోనూ, షా-1ని 2017లోనూ పరిశోధకులు బోల్తాకొట్టించారు. అంటే ఒకే వేలిముద్ర వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేసి చూపించారు. అందుకే ఇప్పుడు షా-256ను నమ్ముతున్నారు.

మైక్రోసాఫ్ట్‌ తన ఎంఎస్‌డీఎన్‌ చందాదారుల కోసం ఇమేజ్‌ల షా-1 సంకేతాలను ప్రకటిస్తూ ఉండేది. సేకర్తలకు ఆ జాబితాలు పంచాంగంతో సమానం. ఒక్క ఎక్స్‌పీనే తీసుకోండి. హోమ్‌, ప్రొఫెషనల్‌. విడిగా అమ్మింది, కంప్యూటరుతో కలిపి ఇచ్చింది, కంపెనీలకు టోకుగా ఇచ్చింది. సర్వీస్‌ప్యాక్‌ లేనిది, 1, 2, 3 ఉన్నవి. మళ్లీ భాషలు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకదాని ప్రొడక్ట్‌ కీ ఇంకోదానికి పనిచేయదు. ఏది ఏదో తేల్చేది ఆ వేలిముద్రే.

పట్టించుకోకపోతే ఏమవుతుందో 2016 ఫిబ్రవరి 20న లినక్స్‌ మింట్‌ వాడేవాళ్లకి తెలిసొచ్చింది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడ్డారు. డౌన్‌లోడ్‌ లంకెను తాము తయారుచేసిన ఇమేజ్‌ వైపు తిప్పేశారు. చూడ్డానికి అచ్చం మింటే. లోపల మాత్రం దొంగల కోసం తెరిచి ఉంచిన దొడ్డిదారి. ఆ రోజు మింట్‌ 17.3 సినమన్‌ దించుకున్నవాళ్లు సంకేతం సరిచూసుకోవాలనీ, తేడా ఉంటే ఆ ఇమేజ్‌ను చెరిపేయాలనీ సంస్థ వెంటనే ప్రకటించాల్సివచ్చింది. ఏ సైట్లో పడితే ఆ సైట్లో దొరికే పాత ఎక్స్‌పీ ఇమేజ్‌ల సంగతి ఇక వేరే చెప్పాలా! ఉచితంగా దొరికింది కదా అని ఎక్కించుకునేవాళ్లు ఒక్కసారి ఆగాలి.

వేలిముద్రల మీద ప్రభుత్వాలకూ ఆసక్తి ఉంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌ ఒక సాఫ్ట్‌వేర్‌ లైబ్రరీ నిర్వహిస్తోంది. అసలు సీడీలూ, డబ్బాలూ బీరువాల్లో భద్రం చేసి, వాటిలోని ఫైళ్ల సంకేతాలను ప్రకటిస్తుంది. నేరస్థుడి కంప్యూటరు పోలీసులకు దొరికితే, అందులోని లక్షల ఫైళ్లలో విండోస్‌తో మామూలుగా వచ్చేవేవో ఈ జాబితాతో తీసి పక్కనపెట్టి, మిగిలినవాటిని వెతుకుతారు.

ఉన్నది ఉన్నట్టుగా దాచడంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. 1985 నవంబరులో విడుదలైన విండోస్‌ 1.0లో ఒక బొమ్మ ఫైలు చాటున, దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు దాక్కుని ఉన్నాయని 2022లో ఒక పరిశోధకుడు కనిపెట్టాడు. తర్వాతి కాలంలో వాల్వ్‌ అనే గేముల కంపెనీ పెట్టిన గేబ్‌ న్యూయెల్‌ పేరు కూడా అందులో ఉంది. ముప్ఫై ఏడేళ్లు ఎవరి కంటా పడలేదు.

పేజ్‌మేకర్‌లో చిక్కిన తెలుగు

ఇదంతా అమెరికావాళ్ల గొడవ, మనకేం సంబంధం అనుకుంటున్నారా? అయితే ఏదైనా పాత డీటీపీ సెంటరుకు వెళ్లండి. ఓ మూల తెల్లరంగు పసుపుగా మారిన కంప్యూటరు కనిపిస్తే, అది ఎందుకుందో అడగండి. పాత ఫైళ్లు తెరవడానికి అంటారు.

1990ల్లో, 2000ల్లో వచ్చిన తెలుగు పుస్తకాలూ పత్రికలూ చాలావరకు పేజ్‌మేకర్‌లో తయారైనవే. అక్షరాలు అను ఫాంట్లలోనో, శ్రీలిపిలోనో. ఇవి యూనికోడ్‌ కాదు. కంప్యూటరు దృష్టిలో అక్కడున్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేకపోతే మిగిలేది అర్థంలేని ఇంగ్లిషు గజిబిజి. ఇక పేజ్‌మేకర్‌ చివరి వెర్షన్‌ 7.0 వచ్చింది 2001లో. దాని వారసుడు ఇన్‌డిజైన్‌ సీఎస్‌6 వెర్షన్‌ దాకా పేజ్‌మేకర్‌ ఫైళ్లను తెరిచేది. ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు.

అంటే ఒక ప్రచురణకర్త 1999లో వేసిన పుస్తకాన్ని ఇప్పుడు మళ్లీ వేయాలనుకుంటే ఆయనకు కావాల్సింది ఆ ఫైలొక్కటే కాదు. ఆ ఫాంటు కావాలి, ఆ పేజ్‌మేకర్‌ కావాలి, అది నడిచే విండోస్‌ 98 లేదా ఎక్స్‌పీ కావాలి. నాలుగింటిలో ఏది లేకపోయినా మొదటి అక్షరం నుంచి మళ్లీ టైపు చేయించుకోవాలి. తప్పులు మళ్లీ దిద్దుకోవాలి. చిన్న ప్రచురణకర్తలకు అంత ఓపికా, డబ్బూ ఎక్కడివి! అలా రెండో ముద్రణకు నోచుకోని పుస్తకాలకు కారణం అమ్మకాలు లేకపోవడమేనని మనం అనుకుంటాం.

కంప్యూటరు పాడైపోయినా ఇమేజ్‌లు మిగిలుంటే దారి ఉంది. కొత్త కంప్యూటర్లోనే ఒక పాత కంప్యూటరును సృష్టించే ప్రోగ్రాములున్నాయి. వర్చువల్‌బాక్స్‌ అలాంటిది, ఉచితం. 86బాక్స్‌ అనేది ఆనాటి మదర్‌బోర్డులనూ, సౌండ్‌ కార్డులనూ కూడా అచ్చంగా అనుకరిస్తుంది. ఇమేజ్‌ చూపిస్తే ఆ ఊహా కంప్యూటర్లో విండోస్‌ 98 ఎక్కుతుంది, దానిలో పేజ్‌మేకర్‌ ఎక్కుతుంది, పుస్తకం తెరుచుకుంటుంది. నిజం పాత కంప్యూటర్లో ఎక్స్‌పీ ఎక్కించడం కన్నా ఇదే నయం. అప్పట్లో సాటా హార్డ్‌డిస్కుల్ని ఎక్స్‌పీ గుర్తుపట్టకపోతే ఎఫ్‌6 నొక్కి డ్రైవరు ఇవ్వాల్సొచ్చేది, అదీ ఫ్లాపీలోనే! కొన్నిచోట్ల మాత్రం ఇదీ కుదరదు. 1980ల్లో డాస్‌లో భారతీయ లిపుల కోసం సీడాక్‌ జిస్ట్‌ కార్డు ఇచ్చింది. అది ప్లాస్టిక్కూ చిప్పులూ ఉన్న అసలు కార్డు. తర్వాతి కాలపు భారతీయ భాషల ప్యాకేజీలు కొన్నిటికి వెనక పోర్టులో డాంగిల్‌ అనే తాళం గుచ్చాలి. ఏ ఇమేజ్‌లోనూ అవి ఇమడవు. వాటినీ జాగ్రత్తగా దాచుకోవాల్సిందే.

ఇలాంటి పని పెద్ద ఎత్తున చేసి చూపించినవాళ్లున్నారు. ముంబయిలో పుట్టిన రచయిత సల్మాన్‌ రష్దీ తన కాగితాలతోపాటు వాడిన కంప్యూటర్లను కూడా అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. అక్కడివాళ్లు ఫైళ్లు మాత్రం తీసుకుని ఊరుకోలేదు. ఆయన మొదటి మెకింతోష్‌ హార్డ్‌డిస్కు మొత్తానికి ఇమేజ్‌ తీసి, దాన్ని ఎమ్యులేటర్‌లో నడిపారు. 2010 నుంచి పరిశోధకులు ఆయన తెర ముందు కూర్చున్నట్టే కూర్చుని, ఆ ఫోల్డర్లనే తెరిచి, ఆ ప్రోగ్రాములోనే రాతప్రతులు చూడగలుగుతున్నారు. మన రచయితల్లోనూ ఇరవై ముప్ఫై ఏళ్లుగా కంప్యూటర్లో రాస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల హార్డ్‌డిస్కులు ఏ పాత సామాన్ల కొట్టుకో చేరకముందే మన విశ్వవిద్యాలయాలు ఈ దారి చూస్తే బాగుండు.

దాచుకోవచ్చు, పంచొచ్చా?

మన కాపీరైట్‌ చట్టం 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ప్రోగ్రామును న్యాయంగా కొనుక్కున్నవారు, అది పోయినా పాడైనా తమకు పనికొచ్చేలా బ్యాకప్‌ నకలు తీసుకోవచ్చు. మీ సీడీకి మీరు ఇమేజ్‌ తీసి దాచుకోవడం దాని కిందికి వస్తుంది. దాన్ని ఊరందరికీ పంచడం రాదు. కంపెనీ అమ్మడం మానేసినా, మద్దతు ఆపేసినా హక్కు హక్కే. అమెరికా చట్టం ప్రకారం కంపెనీల రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు కాపీరైట్‌ ఉంటుంది. ఆ లెక్కన 1985 నాటి విండోస్‌ 1.0కి 2080 దాకా ఉంటుంది. అప్పటికి ఆ ఫ్లాపీలు దుమ్ములో కలిసిపోతాయి. చట్టం గడువు ఫ్లాపీ ఆయుష్షు కన్నా ఎక్కువ కావడమే ఇక్కడి చిక్కంతా.

అందుకే 2018లో అమెరికాలో గ్రంథాలయాలకూ, మ్యూజియాలకూ సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడం కోసం తాళాలు తెరిచే మినహాయింపు ఇచ్చారు. కొన్ని కంపెనీలు తామే ముందుకొచ్చాయి. పాత యూనిక్స్‌ హక్కులు చేతికొచ్చిన కాల్డెరా 2002లో తొలి ఏడు ఎడిషన్లను స్వేచ్ఛగా వాడుకోమంది. యూటాలో దొరికిన టేపును నిర్భయంగా నెట్‌లో పెట్టగలిగారంటే ఆ కాగితం చలవే. మైక్రోసాఫ్ట్‌ ఎంఎస్‌-డాస్‌ 1.25, 2.0ల సోర్స్‌ను 2014లో మ్యూజియానికి ఇచ్చింది, 4.00ను 2024లో బయటపెట్టింది. అదే మైక్రోసాఫ్ట్‌ 2020 ఆగస్టులో షా-1 సంతకాలతో ఉన్న డౌన్‌లోడ్‌లను తన సైట్‌ నుంచి తీసేసింది. పాత విండోస్‌లకు కావాల్సిన ప్యాచ్‌లెన్నో ఆ ఊడ్పులో పోయాయి. ముందే దించి దాచుకున్నవాళ్ల దగ్గరే అవి మిగిలాయి. కంపెనీ తన సరుకును తానే ఎల్లకాలం భద్రపరుస్తుందని నమ్మి కూర్చోకూడదని ఆ నెలలో తేలింది.

ఈ బాధలేవీ లేనిది లినక్స్‌. డెబియన్‌, ఉబుంటు పాత విడుదలలన్నీ వాళ్ల ఆర్కైవ్‌ సర్వర్లలోనే, సంకేతాలతో సహా ఉన్నాయి. ఎన్ని నకళ్లయినా తీసుకోవచ్చు, ఎందరికైనా ఇవ్వొచ్చు. నెట్‌ నత్తనడక నడిచే రోజుల్లో డిజిట్‌, పీసీక్వెస్ట్‌, లినక్స్‌ ఫర్‌ యూ పత్రికలతో వచ్చిన సీడీల కోసమే పత్రిక కొన్నవాళ్లెందరో! షిప్‌ఇట్‌ పేరుతో ఉబుంటువాళ్లు 2011 దాకా అడిగినవారికల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపారు. పోస్ట్‌మ్యాన్‌ విదేశీ కవరు తెచ్చిచ్చిన రోజు గుర్తున్నవాళ్లు ఇది చదువుతూ నవ్వుకునే ఉంటారు. సీడాక్‌ 2007లో తెచ్చిన బాస్‌ లినక్స్‌, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్‌ ఆధారంగా తెచ్చిన తెలుగు లినక్స్‌ పాత సీడీలు మీ దగ్గరుంటే మాత్రం పారేయకండి. తెలుగు కంప్యూటర్‌ చరిత్రలో అవీ అధ్యాయాలే.

మీ ఇంట్లో ఉంటే...

ముందు అలమరలూ అటకలూ చూడండి. ఇంట్లో రాసుకునే సీడీ-ఆర్‌లో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. ఎండ, వేడి దానికి శత్రువులు. మన వానాకాలపు తేమకు ఫ్లాపీల మీదా, టేపుల మీదా బూజు పడుతుంది. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవులో పెడితే అదీ పోతుంది, డ్రైవు తలకాయా పోతుంది. సీడీలో పేరు రాసే వైపే సున్నితం. అద్దంలాంటి పొర ఆ లేబుల్‌ కిందే ఉంటుంది కనుక బాల్‌పెన్నుతో గట్టిగా రాయకండి.

సీడీ చదువుతుండగానే ఇమేజ్‌ తీసేయండి. విండోస్‌లో దీనికి ఉచిత ప్రోగ్రాములున్నాయి, లినక్స్‌లో డీడీ అనే ఆదేశం చాలు. తీసిన వెంటనే షా-256 సంకేతం లెక్కించి ఒక టెక్స్ట్‌ ఫైలులో పెట్టండి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్‌, లినక్స్‌లోని షా256సమ్‌ ఆ పని చేస్తాయి. ప్రొడక్ట్‌ కీ, కవరు ఫొటో, డ్రైవర్లు, సర్వీస్‌ప్యాక్‌లు అదే ఫోల్డరులో ఉండాలి. కీ లేని ఎక్స్‌పీ ఇమేజ్‌ ఎందుకూ కొరగాదు. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో. ఏడాదికోసారి సంకేతం మళ్లీ లెక్కించి పాతదానితో సరిచూడండి.

పాత సిస్టమ్‌ను ఊహా కంప్యూటర్లో నడిపేటప్పుడు ఇంటర్నెట్‌ మాత్రం ఇవ్వొద్దు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌ 8తో ఆగిపోయింది. 2017 మే నెలలో వనాక్రై వైరస్‌ ప్యాచ్‌లు లేని విండోస్‌ కంప్యూటర్లను ప్రపంచమంతటా కబళించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి.

ఆఫీసు స్టోర్‌రూముల్లో, కాలేజీ ల్యాబుల్లో పెద్ద టేపుచుట్టలు కనిపిస్తే వాటికి వేరే పద్ధతి. పనిచేస్తోందో లేదో చూద్దామని డ్రైవులో పెట్టి తిప్పకండి. కొన్ని రకాల పాత టేపుల్లో జిగురు తేమ పీల్చి అంటుకుపోతుంది. తిప్పితే సమాచారం ఉన్న పొర ఊడివస్తుంది. తెలిసినవాళ్లు అలాంటి టేపును యాభై డిగ్రీల దగ్గర గంటల తరబడి వెచ్చబెట్టి, ఆరాక అప్పుడు చదువుతారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ 1970ల్లోనే టీడీసీ కంప్యూటర్లు తయారుచేసి దేశంలోని సంస్థలకు ఇచ్చింది. ఆ పేరున్న చీటీ ఏ టేపు మీదైనా కనబడితే దుమ్ము కూడా తుడవకుండా, పొడిగా ఉన్న డబ్బాలో నిలబెట్టి, చీటీకి ఒక ఫొటో తీసి, తెలిసినవాళ్లకు చూపించండి.